పద్నాలుగు సర్వర్లు

"ఐటీ వాళ్ళు ఫోన్ చేసినారమ్మా" అన్నాడు మురళి.

"ఇడ్లీ వాళ్ళా?" అంది అక్కమ్మ.

"ఇడ్లీ కాదు, ఐటీ. కంప్యూటర్ కంపెనీ. తీవు దేశంలో పని."

"తీవంటే?"

"చుట్టూరా నీళ్ళు."

"తాగొచ్చునా?"

"తాగకూడదు."

"అయితే మన వెల్లిచందై ఊరి మాదిరే" అని అక్కమ్మ టమాటా తోటలో కూలికి బయలుదేరింది. ఆమెకు ఎడమ చెవి వినబడదు. కుడి చెవి తనకు కావలసిందే వింటుంది.

ధర్మపురిలో మురళి పనిచేసే చోటు నెలాఖరుకు మూతపడుతోంది. పన్నెండేళ్ళ సర్వీసు. చేతికింద పద్నాలుగు సర్వర్లు. తన గతికంటే ఆ పద్నాలుగు సర్వర్ల గతి ఏమిటన్నదే అతని దిగులు.

బ్రౌజింగ్ సెంటర్ నడిపే మలర్ జాలిపడి, ఉద్యోగాల సైట్‌లో అతని పేరు ఎక్కించింది. "సర్వర్ మేనేజ్‌మెంట్. పన్నెండేళ్ళు. పద్నాలుగు సర్వర్లు." అంతే.

మూడో రోజున బెంగళూరు నుంచి ప్రీతి ఫోన్ చేసింది. ఓ చిన్న ద్వీప దేశానికి ఐటీ నిపుణులను ఏరి విమానం ఎక్కించడం ఆమె పని. ఆ దేశం మొత్తం జనాభా, పాలక్కోడు సంతలో ఓ వారం కనబడే జనమంత. అడిగింది నలభై మందిని. దొరికింది ముప్పైతొమ్మిది మంది. సర్వర్లు చూసుకునే మనిషే తక్కువ.

ఇంటర్వ్యూ ఫోన్‌లోనే జరిగింది. లైను గరగరమంటోంది.

"పీక్ అవర్‌లో లోడ్ ఎంత?"

"మామూలుగా నూటిరవై మేడం. ముహూర్తం రోజైతే నాలుగు వందలు."

పెళ్ళిసంబంధాల వెబ్‌సైట్ కాబోలు అని రాసుకుంది ప్రీతి.

"టేబుల్స్ జాయిన్ చేయడం వచ్చా?"

"నిమిషం పని మేడం."

"క్లౌడ్ అనుభవం?"

"క్రౌడంటే నాకు భయం లేదు మేడం."

ఆ వైపు ఉచ్చారణ అంతేనని సర్దుకుంది.

"సర్వర్ వేడెక్కితే?"

"ఫ్యాను కింద పెడతా. పది నిమిషాల్లో చల్లబడాల."

"పడిపోతే?"

"పక్క సర్వర్ అందుకోవాల. వచ్చినోళ్ళకు తెలియనే కూడదు."

ప్రీతి ఆ జవాబు కింద రెండు గీతలు గీసింది.

"మీరు సెలెక్టయ్యారు మురళిగారూ. ఒకటో తారీకున ప్రయాణం."



"నా సర్వర్లు?" అన్నాడు మురళి.

"అక్కడ కొత్త సర్వర్లు సిద్ధం."

"పన్నెండేళ్ళు నాతో నలిగిన సర్వర్లు మేడం. నడిరోడ్డు మీద వదిలేసి నేను రాను. నన్ను మన్నించాల."

ఈ మనిషికి సర్వం సర్వర్మయం అనుకుంది ప్రీతి. కానీ నలభయ్యో మనిషి మళ్ళీ దొరకడు. ద్వీపానికి ఉత్తరం రాసింది. ద్వీపం ఆలోచించింది. కొత్త సరుకు ఓడలో రావడానికి ఆరు నెలలు. పాతవైతేనేం, నడుస్తున్న సర్వర్లు. తెచ్చేయమంది.

ఒప్పందం తయారైంది. ప్రీతి ఫోన్‌లో చదివి వినిపించింది.

"పద్నాలుగు సర్వర్లకూ ఏసీ గది. ఇరవై నాలుగు గంటల కరెంటు. ఏడాదికి రెండుసార్లు పూర్తి చెకప్. ఖర్చంతా కంపెనీదే. ఐదేళ్ళ వరకు ఏ పక్షమూ వెనక్కి పోకూడదు."

"ఏసీ గదా మేడం? పద్నాలుగు సర్వర్లకూనా?"

"వేడి తగలకూడదు కదండీ."



"ఇంతవరకు ఎవరూ అట్లా అనలేదు మేడం."

రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయి.

నెలాఖరున ప్రీతి లారీ వేసుకుని ధర్మపురి బస్టాండు వెనక సందులో దిగింది. మురళి సగం దించిన షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. కొడుకును సాగనంపడానికి వచ్చిన అక్కమ్మ, పక్కనే మెట్టు మీద కూర్చుని ఉంది. లారీలోంచి పద్నాలుగు చెక్కపెట్టెలు దిగాయి.

"ఈ పెట్టెల్లోనా మేడం?" మురళి ముఖం చిన్నబోయింది.

"లోపల మెత్తగా థర్మాకోల్ వేయించాం. ఒక్క గీత పడదు. సర్వర్లు ఎక్కడ?"

మురళి షట్టరు వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

భుజాన తుండుగుడ్డలతో పద్నాలుగు మంది షట్టరు కింద నుంచి ఒకరి వెనక ఒకరు వంగి బయటికొచ్చి, నోరు తెరుచుకుని నిలబడిన ప్రీతిని అలవాటు ప్రకారం అడిగారు: "ఏమి కావాల మేడం, ఇడ్లీ వేడిగా ఉంది."