ఉప్పు చారలు లేని చొక్కా

చొక్కా మీద ఉప్పు లేదు.

ఆమె దాన్ని ఇస్త్రీ బల్లమీద పరిచి, కాలరు తిప్పి చూసింది; వీపు మీద వేలితో రాసి చూసింది. ఈ ఎండల్లో వీధిలో ఎవరి చొక్కా వచ్చినా వీపున తెల్లని చార గీసుకునే వస్తుంది. చెమట ఆరినచోట ఉప్పు మిగలాలి. మొగుడి చొక్కాకు మాత్రం ఆ చార లేదు. పొద్దున తాను పెట్టిన మడతా లేదు. మంచినీళ్ళలో తడిసి, ఎక్కడో నీడన ఆరి, తమ ఇంట్లో లేని సబ్బు వాసనతో తిరిగొచ్చింది.

"మళ్ళీ తడిసిందేం?" అంది.

"దారిలో పందిరి కింద నీళ్ళు చిలకరిస్తున్నారు" అన్నాడాయన, విప్పిన గడియారం మీంచి తలెత్తకుండా.

"చిలకరిస్తే ఇంత తడవదు."

ఆయన పట్టకారులోంచి చిన్న మర జారి నేలమీద దొర్లింది. ఈమధ్య ఆయన చేతిలోంచి మరలు తరచుగా జారుతున్నాయి. తప్పు చేసిన చేయి వణక్కుండా ఉంటుందా అనుకుంది ఆమె.

ముందుగదిలో ఆమె ఇస్త్రీ బల్ల, దాని వెనకే ఆయన గడియారాల బల్ల, ఇద్దరి నెత్తినా ఒకటే రేకుల కప్పు. పుట్టింటివాళ్ళు వద్దన్నా, అత్తింటివాళ్ళు నవ్వినా, ఆమె తన రెక్కలతో నిలబెట్టుకున్న కొట్టు అది. ఇస్త్రీపెట్టెలు కాగితే గదీ కాగేది. అలవాటైన ఒళ్ళు కనుక ఆమెకు తెలిసేది కాదు. ఆయనా ఎన్నడూ ఉస్సురనలేదు.

ఎండలు ఏటికేడు ముదురుతుంటే ఊరు వేషం మార్చుకుంది. మేడల మీద తెల్లరంగు వచ్చింది, వీధులకు అడ్డంగా గుడ్డపందిళ్ళు వచ్చాయి. వాటి వెనకే వార్డువాళ్ళ జతల పద్ధతి వచ్చింది. ఒంటికి ఎండ పడని మనిషికి గట్టి మనిషిని జత కలుపుతారు. మిట్టమధ్యాహ్నం ఎవరిల్లు చల్లగా ఉంటే అక్కడ ఇద్దరూ కూర్చోవాలి. గట్టి మనిషి రెండో మనిషి చేత నీళ్ళు తాగించాలి, ఒళ్ళు కాలుతోందేమో చూడాలి. జత అని తెలిసేందుకు ఇద్దరి మణికట్లకూ ఒకే రంగు పట్టీ.

ఆయన పట్టీ ఆకుపచ్చ. అదే ఆకుపచ్చ వీధి చివరింటి పాటల టీచరు చేతికి ఉంది. ఒంటరి మనిషి, తెల్లకప్పు ఇల్లు, గోడంతా పాకిన తీగలు. ఆవిడ గొంతెత్తితే మండుటెండలోనూ కిటికీలు తెరుచుకుంటాయని వీధంతా చెప్పుకుంటుంది. ఆ పట్టీ మొదటిసారి చూసిన రోజు ఆమె ఎవరిదో తెల్లచొక్కా మాడ్చేసింది.

"ఆవిడకేం జబ్బు? బిందె చంకనెత్తుకుని మెట్లెక్కుతుంటే చూశాను" అని ఒకనాడు నిలదీసింది.

"జబ్బులన్నీ పైకి కనబడతాయా?" అన్నాడాయన.

ఎంత మెత్తగా అన్నాడో. తనకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఆ గొంతు అంత మెత్తబడిన గుర్తు లేదు.

బట్టలివ్వడానికి వచ్చిన దర్జీ పిన్ని ఊరుకుంటుందా? గుమ్మంలోనే చతికిలబడి నవ్వింది. "ఏమే, మీ ఆయన అక్కడికి నీళ్ళు తాగించడానికి వెళ్తున్నాడా, తాగడానికి వెళ్తున్నాడా? వెళ్ళేటప్పుడు వాడిన తోటకూర కాడలా వెళ్తాడు, వచ్చేటప్పుడు తల దువ్వుకుని పెళ్ళికొడుకులా వస్తాడు."

ఆమె కూడా నవ్వింది. పిన్ని వెళ్ళాక ఆయన చొక్కా తీసి మళ్ళీ వాసన చూసింది.

ఆ సాయంత్రం అడగకుండా ఉండలేకపోయింది. "కొట్టు మూసేసి, నేనూ చల్లగా ముస్తాబై కూర్చుంటే మీ కంటికి ఆనతానా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "కొట్టు మూసే మాట ఎత్తకు" అన్నాడు. ఆ ముఖంలో అంత భయం ఆమె ఎన్నడూ చూడలేదు. తాను ఈ బల్లకు కట్టుబడి ఉంటేనే కదా ఆయన కాళ్ళు అటు నడిచేది. అలాగే అర్థమైంది ఆమెకు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వెళ్ళిన కాసేపటికి ఆమె ఇస్త్రీపెట్టెలు ఆపి, పనివేళలో తలుపుకు తాళం వేసింది. కొట్టు పెట్టాక అలా వేయడం అదే మొదలు. పందిళ్ళ నీడల్లోంచి నడిచింది. నీడలో కూడా ఒళ్ళు మండింది. పట్టీ విప్పించి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాలి, లేదా తానొక్కతే పుట్టింటికి వెళ్ళాలి. మూడో దారి లేదనుకుంది.

చివరింటి గుమ్మంలో ఆయన చెప్పులున్నాయి. లోపల తీగమీద ఆయన చొక్కా ఆరుతోంది. స్నానాలగదిలో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. భుజాన తువ్వాలుతో టీచరు ఎదురొచ్చింది.

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా, ముందు నీళ్ళు తాగండి" అంది టీచరు.

"మీ నీళ్ళు నాకొద్దు. జత మార్పించుకోండి."

"ఆయన అడగమన్నారా?"

"నేనే అడుగుతున్నాను." ఆమె తలుపు వదిలి ఒక అడుగు ముందుకేసింది. "మీ జబ్బుకు తోడు కావాలంటే రోజూ నేనొస్తాను. తాగించమంటే తాగిస్తాను, తుడవమంటే తుడుస్తాను. ఆయన్ని మాత్రం వదిలెయ్యండి."

టీచరు తువ్వాలు భుజం మీంచి తీసి, మడిచి, మళ్ళీ విప్పింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"మీ చెవిన పడనీయొద్దని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నారు" అంది చివరికి, గొంతు తగ్గించి. "తెలిస్తే మీరు ఆ పూటే ఇస్త్రీపెట్టెలు చల్లార్చేస్తారట. ఎంత కష్టపడి పెట్టుకున్న కొట్టో నాకు చెబుతూనే ఉంటారు."

"నా ఇస్త్రీకీ మీ జబ్బుకీ ఏమిటండీ సంబంధం?"

"జబ్బు నాది కాదమ్మా."