విమానం దిగిన ఓటు

“టైమయింది సార్. చేతులెత్తించండి,” అన్నాడు పుల్లయ్య.

“నా మనిషి దారిలో ఉన్నాడు. ఆగాల్సిందే!” నరసింహారావు కుర్చీలోంచి సగం లేచాడు.

ఊరి సహకార సొసైటీకి ఆ రోజు ప్రెసిడెంటు ఎన్నిక. డైరెక్టర్లు తొమ్మిది మంది. నలుగురు అటు, నలుగురు ఇటు. తొమ్మిదోవాడు పున్నారావు ఎటు చేయెత్తితే కుర్చీ అటు. అతణ్ణి పుల్లయ్య ఎక్కడ ఎగరేసుకుపోతాడోనని నరసింహారావు నెల్లాళ్లుగా బొంబాయిలో చుట్టాలింట్లో దాచాడు. ఎక్కడున్నాడో పున్నారావు పెళ్లాం మల్లీశ్వరికి కూడా చెప్పలేదు.

ఎన్నికల ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. “పన్నెండున్నర దాకా చూస్తా. రాకపోతే చీటీలు వేసి తీయడమే.”

నరసింహారావు తండ్రి కూర్చున్న కుర్చీ. అది పుల్లయ్య చేతికి పోతే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

పక్కనున్న అనుచరుడు నాగులు చెవిలో గొణిగాడు. “రైల్లో అయితే నిన్ననే దిగేవాడు గదన్నా. విమానం ఏంది?”

“రైలైతే ప్రతి స్టేషన్లో పుల్లయ్య మనుషులు ఎక్కుతారురా. విమానమైతే బొంబాయి నుంచి హైదరాబాదు గంటంపావు. మధ్యలో ఆగేది లేదు. దిగంగానే మన కారు.”

“హైదరాబాదు నుంచి మనూరికి?”

“సాగర్ మీదుగా అయిదు గంటలు.”

“ఓరినీ! బొంబాయి కంటే హైదరాబాదే దూరమన్నమాట.”

“నోర్మూసుకో!”

పుల్లయ్య నవ్వాడు. “పోయిన వారం పోస్టాఫీసులో నువ్వు ట్రంకాల్లో అరిచిన అరుపులు ఊరంతా ఇనపడ్డయ్‌లే బావా. విమానం నంబరు గూడా చెప్తివి.”

“వింటే విన్నావులే. గాల్లో ఏం చేస్తావు?”

పన్నెండుంపావు దాటింది. రోడ్డు మీద బస్సు వెళ్తే నరసింహారావు కారనుకుని లేచాడు. ట్రాక్టరు వెళ్తే మళ్లీ లేచాడు. చివరికి ఆఫీసరు కలం తీశాడు.

“ఇంకో పది నిమిషాలు ఆగండి సార్,” అన్నాడు పుల్లయ్యే. “పాపం, అంత దూరం నుంచి వస్తన్నాడు.”

నరసింహారావు తెల్లబోయాడు. ఓడిపోయేవాడికి మర్యాదలెక్కువ అనుకుని సరిపెట్టుకున్నాడు.

హారన్ వినిపించింది. దుమ్ము కొట్టుకుపోయిన అంబాసిడరు గుమ్మం ముందు ఆగింది. పున్నారావు దిగాడు. నరసింహారావు పరుగెత్తుకెళ్లి వాటేసుకున్నాడు. ఆ సంబరంలో కారు రెండో తలుపు తెరుచుకోవడం కూడా గమనించలేదు.

“నా పరువు నిలబెట్టావురా!”

పున్నారావు విడిపించుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు.

“నరసింహారావు గారి వైపు వాళ్లు చేతులెత్తండి.”

నాలుగు చేతులు లేచాయి. పున్నారావు చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“పుల్లయ్య గారి వైపు.”

అయిదు చేతులు లేచాయి.

నరసింహారావు వెళ్లి పున్నారావు చొక్కా పట్టుకున్నాడు. “ఒరేయ్! నెల్లాళ్లు కూర్చోబెట్టి మేపానే! రాత్రి ఫోన్లో కూడా నీ వెంటే అంటివి గదరా! ఇంతలో ఏం మాయ రోగం వచ్చింది?”

పున్నారావు తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు. “నువ్వు చానా బాగా చూసుకున్నావు బాబాయ్. కానీ పుల్లయ్య మామ టిక్కెట్లు కొనిచ్చి పంపాడంట, విమానంలో నా పక్క సీట్లో మల్లీశ్వరి కూర్చుంది. గంటంపావు సేపు అది నిలదీస్తా ఉంటే, గాల్లోంచి నేనెక్కడికని దూకేది?”