మూడో అంతస్తు గది

“మీ అక్క సంవత్సరీకానికి వెళ్ళి నువ్వు చేసేదేముంది? అవన్నీ మీ బావగారు చూసుకుంటారు,” అన్నాడు సుధాకరరావు నాలుగోసారి.

“చేసేదేం లేదు. అక్కడుండాలి,” అంది అరుంధతి, తనూ నాలుగోసారి.

శుక్రవారం, ఆఫీసు లేదు. అరబ్బు దేశంలో, అల్ మన్సూరాలోని ఆ ఫ్లాట్‌లో ఇడ్లీల దగ్గర మొదలైన వాదన పదకొండైనా తెమల్లేదు. పద్నాలుగేళ్ళ వాసంతి, తొమ్మిదేళ్ళ మైథిలి కార్పెట్ మీద వైకుంఠపాళీ పరుచుకుని, ఆడకుండా వింటున్నారు.

చమురు ధర ఎగబాకిన ఏడాది అది. ఇంజనీర్ల కుటుంబాలు సెలవుల్లో ఎక్కడికి వెళ్ళినా టిక్కెట్లు తామే ఇస్తామంది కంపెనీ. అందరూ లండన్ అంటే సుధాకరరావు లక్సెంబర్గ్ అన్నాడు. ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర ఎర్ర అట్ట గైడ్‌బుక్ తెచ్చాడు. ఎవరి సాయం లేకుండా ఆ చిన్న దేశాన్ని సొంతంగా చుట్టి రావడమెలాగో అందులో ఉందట. వారం రోజులుగా దాన్ని చంకలోంచి దించడం లేదు.

“పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్కసారైనా యూరప్ మొహం చూశానా? ఇప్పుడు చూద్దామంటే నీకు కాకినాడ కావాలి.”

అతను నారింజ తొనలు నములుతూ గింజల్ని టీ సాసర్లోకి ఉమ్ముతున్నాడు. ఒకటి జారి పుస్తకం అట్ట మీద పడింది. చొక్కా అంచుతో తుడిచాడు. అరుంధతి మొహం తిప్పుకుంది. పోయిన మార్చి నుంచీ అతను నమిలే చప్పుడు వింటేనే ఆమెకు రోత పుడుతోంది.

మార్చిలో కాకినాడ నుంచి టెలిగ్రాం వచ్చింది. అమ్మ పోయాక తనకు జడలేసి పెంచిన అక్క పోయింది. కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇస్తే తప్ప ఈ దేశం దాటడానికి లేదు. పాస్‌పోర్టులు కూడా కంపెనీ బీరువాలోనే. పిల్లలకు పరీక్షలు, వాళ్ళను మీరు చూసుకోండి, నేనొక్కదాన్నే వెళ్ళొస్తానని బతిమాలింది. సాయంత్రం అతను వచ్చి, “మాఫీ, లేదనేశారు. పైప్‌లైన్ పనయ్యేదాకా ఎవరికీ ఇవ్వరట. నీకే కాదు, నాకే ఇవ్వరు,” అన్నాడు. మర్నాడు పొద్దున్నే పది రోజుల డ్యూటీ పడిందని ఎడారిలో చమురు బావులున్న దుఖాన్ క్యాంపుకి వెళ్ళిపోయాడు. ఆ పది రోజులూ ఆమె ఏడ్చిన ఏడుపు ఈ గోడలకే తెలుసు. తిరిగొచ్చేసరికి అతనికి ఒకటే జలుబు. క్యాంపులో ఏసీ అన్నాడు. క్యాంపులో ఎవరో ఫ్రెంచాయన పంచాడని పిల్లలకు రేకు డబ్బాలో చాక్లెట్లు తెచ్చాడు. చావు కబురు వచ్చిన ఇంటికి చాక్లెట్లు తెచ్చిన మనిషిని ఏమనాలో ఆమెకు తెలియలేదు. ఖాళీ అయ్యాక ఆ డబ్బాలో మెంతులు పోసుకుంది.

“నాన్నా, మనం ఏ హోటల్లో ఉంటాం?” అడిగింది మైథిలి, వాదనను పక్కకు తిప్పుదామని.

సుధాకరరావు మొహం వెలిగింది. “వంతెన పక్క సందులో చిన్నది. లిఫ్ట్ లేదు, అయినా మూడో అంతస్తులో గదే అడగాలి. కిటికీ తీస్తే కింద లోయంతా మంచు. తొమ్మిది దాటితే వేణ్ణీళ్ళు రావు. ముసలావిడ నడుపుతుంది, కాస్త చిర్రుబుర్రులాడుతుంది.”

“ఇవన్నీ పుస్తకంలోనే ఉన్నాయా?” అంది వాసంతి.

“మరి? గైడ్‌బుక్ అంటే ఏమనుకున్నావు? మీ అమ్మ పూజ పుస్తకమా?”

పిల్లలు నవ్వలేదు. అతనే నవ్వుకుని లేచాడు.

“అరూ, గది కోసం ఆవిడకు ఉత్తరం రాయాలి. నీ దస్తూరీ బాగుంటుంది. పుస్తకంలో చూసి కవరు మీద అడ్రసు రాసిపెట్టు. మేం చేపలు తెస్తాం. యల్లా, పదండి పిల్లలూ.”

తలుపు మూసుకున్నాక అరుంధతి కవరూ కలమూ తీసుకుని కూర్చుంది. విషయసూచిక చూసింది. రైళ్ళు, కోటలు, అడవిలో నడక దారులు. ముందుమాట చదివింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి వెతికింది. తర్వాత పుస్తకం మూసి, కలానికి మూత పెట్టేసింది.

వంటింట్లోకి వెళ్ళి చాక్లెట్ల డబ్బాలోని మెంతుల్ని ఒక గిన్నెలో గుమ్మరించింది. డబ్బాను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని, చెత్తబుట్టలో పడేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

మధ్యాహ్నం చేపల పులుసుతో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అతను ముల్లు తీసి బల్ల అంచున పెట్టేదాకా ఆగి, గొంతు పెంచకుండా చెప్పింది.

“నేనూ పిల్లలూ కాకినాడ వెళ్తున్నాం. మా మూడు టిక్కెట్లూ అటు రాయించండి. తిరిగి రావడం సంగతి అక్కడ ఆలోచిస్తాను.”

వాసంతి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“ఏడ్చినట్టుంది,” అన్నాడు సుధాకరరావు నోట్లో ముద్దతోనే. “ఎగ్జిట్ పర్మిట్ ఎవరిస్తారు? మార్చిలో చూశావుగా.”

“ఇస్తారు. మీరు అడగండి.”

“అడిగితే ఇచ్చేస్తారని నీకెవరు చెప్పారు?”

ఆమె లేచి ఎర్ర అట్ట పుస్తకాన్ని, దాని మీద కవరును తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. అతను కవరును ఇటూ అటూ తిప్పాడు. రెండు వైపులా తెల్లగా ఉంది.

“ఇదేమిటి, హోటల్ అడ్రసు రాయలేదేం?”

“ఈ పుస్తకంలో ఒక్క హోటల్ పేరూ లేదండీ. మార్చిలో మీకిచ్చిన పర్మిటే మాకూ ఇప్పించండి.”