చెవిదుద్దు సైగ

పెద్ద చానెల్ మా ఊరి చానెల్‌ని కొనేసి పేరు మార్చింది, రంగులు మార్చింది, ఆ ఊపులో నన్నూ మార్చేసింది. ఏళ్ల తరబడి నేను చదివిన రాత్రి వార్తల్ని మొదటిసారి సోఫాలో అమ్మ పక్కన కూర్చుని చూశాను. నా కుర్చీలో కొత్తమ్మాయి ఉంది. వార్తలు ముగిస్తూ ఎడమ చెవిదుద్దు తాకింది.

"బయల్దేరుతున్నా, కూర వేడిచెయ్" అని అమ్మకి నేను చేసే సైగ అది. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాగా!"

"నువ్వింక వెళ్లమ్మా, పొద్దుపోయింది. మా అమ్మాయి వచ్చే వేళయింది," అంది స్టవ్ వెలిగిస్తూ.

కూర వేడెక్కేసరికి బయట స్కూటర్ ఆగింది. ఇంటి తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. అయినా తలుపుకున్న తాళం మెల్లగా తిరుగుతోంది.