పదో కేసు

"ఇక్కడికి వచ్చినవాళ్లకేనా అమ్మా కసరత్తులు చేయించేది?"

నూజివీడులో ఓ ప్రైవేటు ఆసుపత్రి. ఫిజియోథెరపీ గది గుమ్మంలో నిలబడి అడిగాడు సాంబయ్య.

"వచ్చినవాళ్లకే తాతా," అంది ట్రైనింగుకొచ్చిన ప్రవల్లిక, రాస్తున్న కాగితంలోంచి తలెత్తకుండా.

మర్నాడు మళ్లీ వచ్చాడు.

"పక్షవాతం అమ్మా. కుడి చెయ్యీ కుడి కాలూ లేవట్లేదు."

కుడి చెయ్యి పట్టి చూసింది. పట్టు ఉడుంపట్టే. వేళ్ల మీద మామిడి సొన ఇంకా ఆరలేదు.

"పొద్దున కాయలు కోశావా తాతా?"

"లేదమ్మా... పాత మచ్చలు."

అబద్ధమాడటం కూడా రాదు పాపం!

తిన్నగా ట్రైనింగు చూసే కృష్ణకాంత్ సార్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆయనకి ఏ జబ్బూ లేదండీ."

"నీ లాగ్‌బుక్కులో పక్షవాతం కేసులెన్ని?"

"తొమ్మిది సార్."

"పది లేకపోతే?"

"ఇంకో ఆర్నెల్లు ఇక్కడే పోస్టింగ్ సార్."

"మరింకేం! వెతుక్కుంటూ వచ్చాడు, రాసేసుకో. ఐదు నిమిషాలు చేయించి అరగంటని వెయ్యి. సంతకం నేను పెడతా."

"తప్పు కదా సార్?"

"అయితే సంతకం అడక్కు."

ఇంకేం చేస్తుంది? ఆ సంతకం లేనిదే చదువు పూర్తి కాదు. పెన్ను తీసి రాసింది.

పక్షవాతం వచ్చిన చేతిని ఊరికే లాగకూడదు. భుజం కింద ఓ చెయ్యి, మోచేతి కింద ఓ చెయ్యి వేసి, పసిపిల్లను ఎత్తినట్టు మెల్లగా లేపాలి. ఆ సంగతి ప్రవల్లికకి బాగా తెలుసు. కానీ ఈయనది ఉక్కులాంటి చెయ్యి. ఎవరికోసం అంత ఓపిక? మణికట్టు పట్టుకుని తల మీదకి పదిసార్లు గుంజి వదిలేసేది.

ఆయన మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేవాడు.

"మణికట్టు దగ్గరే పట్టుకోవాలా అమ్మా?"

"ఆఁ."

"ఇంత జోరుగానా?"

"ఆఁ తాతా! నీకెందుకవన్నీ?"

దొంగ పేషెంటుకి డౌట్లొకటి! రోజుకో వేలిముద్ర వేయించుకుని పంపేసేది.

పదమూడో రోజు నుంచి ఆయన రాలేదు.

"కేసుకి పద్నాలుగు వేలిముద్రలుండాలి, ఇంకా రెండు తక్కువ," అన్నాడు సార్. "ముసునూరు దగ్గర తోట కాపలా అట కదా? వెళ్లి వేయించుకురా."

"ఇంటికి వెళ్లి మరీనా సార్?"

"శనివారంతో పోస్టింగ్ అయిపోతుంది. నీ ఇష్టం."

బ్యాగులో లాగ్‌బుక్కూ, ఇంకు ప్యాడూ పెట్టుకుని బయల్దేరింది. ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. అక్కణ్ణుంచి గట్ల వెంట, తోటల మధ్య అరగంట నడక.

గుడిసెలో నులకమంచం మీద ఒక ముసలామె. కుడి కాలు చచ్చుబడి పక్కకి వాలిపోయి ఉంది. కుడి భుజం వాచిపోయింది. చేతిని తువ్వాలుతో గుండెకి కట్టి ఉంచారు.

"మా ఆవిడమ్మా, నాగమణి," అన్నాడు సాంబయ్య, కంగారుగా పీట వేస్తూ. "ఆర్నెల్లుగా మంచమే. ఈ దారిన మోసుకురాలేను కదా..."

ప్రవల్లిక వాచిన భుజం మీదకి వంగి చూసింది.

"ఆ భుజాన్ని... ఇలా ఎవరు చేశారు తాతా?"

"నేనేనమ్మా. నువ్వు నాకు చేసినట్టే. మణికట్టు పట్టుకుని, పదిసార్లు. ఒక్కపూట మానలేదు. నాలుగు రోజులుగా ముట్టుకుంటే ఏడుస్తోంది. నేనే ఎక్కడో తప్పు చేసుంటా. ఇంకొక్కసారి చూపిస్తావా?"

ప్రవల్లిక బ్యాగు కింద పడేసి మంచం పక్కన కూర్చుంది.

బ్యాగులోంచి బయటికొచ్చిన ఇంకు ప్యాడు ఆయన కంటపడింది.

"ముద్ర కావాలా అమ్మా?" అంటూ బొటనవేలు పంచెకి తుడుచుకుని ముందుకి చాపాడు.

పదో పేషెంటుగా లాగ్‌బుక్కులోకి ఎక్కిన సాంబయ్య, ప్రవల్లిక దగ్గర పాఠం నేర్చుకున్న మొట్టమొదటి విద్యార్థి.