పురుగు పట్టని మట్టి

ఊరంతా నీలిదీపాలు పెట్టాక మార్తమ్మ ఈగను చూసి ఏళ్లయింది. ఆ వెలుగు పడినచోట పురుగూ బూజూ బతకవు, మట్టి లోపలైనా సరే. ఇంట్లో పాలు తోడుకోవు, ఇడ్లీపిండి పొంగదు. అయితేనేం, జ్వరాలు లేవు కదా అని అందరూ సంబరపడ్డారు.

పెరట్లో మునగచెట్టు మాత్రం పాలిపోతోంది. ఎరువవుతాయని మొదట్లో వేసిన ఆకులూ తొక్కలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆదివారం ఆరాధన నుంచి రాగానే మార్తమ్మ పాదు తవ్వడానికి గునపం పట్టింది. అరుగు మీద కూతురు కెజియా జీవశాస్త్రం పాఠం బట్టీ పడుతోంది.

"చచ్చినవాటిని మట్టిలో కలిపేవి విచ్ఛిన్నకారులు. అవి లేకపోతే మొక్కలకు తిండి ఉండదు."

గునపానికి మెత్తగా ఏదో తగిలింది. మార్తమ్మ చేత్తో మట్టి తోసి, కెవ్వుమంది.

రెండేళ్ల కిందట పాతిపెట్టిన పిల్లి! ఒక్క వెంట్రుక ఊడలేదు. నిద్రపోతున్నట్టే ముడుచుకుని ఉంది. పక్కన కెజియా పెట్టిన బంతిపూలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"కుళ్లబెట్టేవే లేవమ్మా ఇక్కడ! చెట్టుకి తిండెక్కడిది?" కెజియా అరుగు దిగి వచ్చింది.

మార్తమ్మ చెట్టు సంగతే మరిచిపోయింది.

"సమాధుల తోటలో దీపం ఎప్పుడు పెట్టారే?"

"అమ్మమ్మని పాతిపెట్టిన మర్నాడే కదా. 'మా అమ్మకి పురుగు పట్టకూడదు' అని పాస్టరుగారి కాళ్లావేళ్లా పడి నువ్వేగా పెట్టించావు!"

మార్తమ్మ గునపం పారేసింది. చెప్పులైనా వేసుకోకుండా, మట్టిచేతులతోనే సమాధుల తోటకి పరుగెత్తింది, అమ్మ మీద వెలుగుతున్న దీపం ఆర్పడానికి.