మన గొంతు వేరు

గొట్టం మింగేది లేదని ఎల్లేశ్ ఆటోలోనే తేల్చి చెప్పాడు.

భాగ్య వినలేదు. పదేళ్లుగా పెనిమిటికి ఛాతీలో మంట. తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నడం, ఆయన సోడా తాగి సర్దుకోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. కానీ రెండు నెలలుగా జొన్నరొట్టె ముక్క గొంతు దిగకుండా అడ్డం పడుతోంది. మనిషి చిక్కిపోయాడు. బెల్టుకు కొత్త చిల్లు కొట్టాల్సి వచ్చింది. అది చూశాకే ఆమె భయపడి, చెయ్యి పట్టుకుని యాచారం నుంచి ఇబ్రహీంపట్నం దవాఖానకు లాక్కొచ్చింది.

వరండాలో కూర్చున్న జనమంతా ఆయన్నే చూశారు. చూడనీ అనుకున్నాడు ఎల్లేశ్. పోయిన దసరా దావత్‌లో తలకాయ కూరలో పన్నెండు పచ్చిమిరపకాయలు నంజుకుని తిన్న మనిషి. మొహం మందారంలా ఎర్రబడినా మంచినీళ్లు ముట్టలేదు. ఆ పేరు ఇక్కడిదాకా పాకి ఉంటుంది.

కొత్తగా చేరిన నర్సు శోభ చీటీ రాస్తూ ఆగింది.

“ఊరు?”

“యాచారం.”

“అసలు ఊరు?”

“గదే అసలు ఊరు బిడ్డా. ఇల్లరికం వచ్చిన. రాస్కో.”

శోభ పెన్ను కదల్లేదు. చివరికి భాగ్యే దగ్గరుండి రాయించింది.

లోపల డాక్టర్ వనిత. యాచారంలో వాళ్ల పక్కింటి పిల్లే. అంతా విని, గొంతులోకి కెమెరా గొట్టం దించి చూడాల్సిందేనంది. మంట ఏళ్ల తరబడి ఉంటే ఆహారం దిగే గొట్టం లోపలి పొర మారిపోవచ్చునట. అది ముదిరితే కేన్సర్ కూడా కావచ్చునట. తొందరగా కనిపెడితే మందుంది, ఆలస్యమైతేనే కష్టమట.

ఎల్లేశ్ నవ్వాడు. ఈ మాట వస్తుందని తెలిసే రెండు రోజులు ఫోన్లో చదివి వచ్చాడు.

“గా పొర మారుడు తెల్లోళ్లకే ఎక్కువంట గద వనితా? మన దిక్కు మస్తు తక్కువంట. అవ్నా, కాదా?”

“అవ్ మామా.”

“ఇన్నవానే?” అని భాగ్య వైపు తిరిగాడు. “గది తెల్లోళ్ల రోగం. చప్పిడి తిండి తినేటోళ్లది. మన గొంతు వేరు. కారం పోసి పెంచిన గొంతు.”

భాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి అంతుబట్టలేదు. కళ్లలో మాత్రం నీళ్లున్నాయి.

“నీ మాట తప్పని డాక్టరమ్మ చూపెడితే?” అంది.

“గొట్టం మింగుత. ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు.”

వనిత పెన్ను కింద పెట్టింది.

“నువ్వు సదివింది నిజమే మామా. మనోళ్లకు తక్కువ, తెల్లోళ్లకు ఎక్కువ. అండ్ల గూడ మొగోళ్లకు, యాభై దాటినోళ్లకు, నీ లెక్క ఏండ్ల సంది మంట ఉన్నోళ్లకు ఇంకెక్కువ.”

“మరి నాకెందుకు గొట్టం?”

ఆమె లేచి, సింకు పైనున్న చిన్న అద్దాన్ని మేకు నుంచి తీసి తెచ్చి, అతని మొహానికి ఎదురుగా పట్టింది.

అద్దంలో నుంచి, ముప్పై ఏళ్ల కిందట నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పడానికి స్కాట్లాండ్ నుంచి వచ్చి, భాగ్యను చేసుకుని, అత్త పెట్టిన పేరుతో యాచారంలోనే ఉండిపోయిన తెల్లదొర ఒకడు నీలికళ్లు మిటకరిస్తూ అతన్నే చూశాడు.